ప్రపంచం గారి పళ్ళు

ఆ ఎండాకాలం మా ఇంట్లో దిగినవాళ్ళలో దొంగ ఒక్కడూ లేడు. దొంగయితే వస్తాడు, కావలసింది పట్టుకుంటాడు, పోతాడు. వీళ్ళు పోరు. పోయినా ఊరికే పోరు. మన గురించి నాలుగు మంచి మాటలు రాసి, తమ గురించి మనచేత నాలుగు మంచి మాటలు రాయించుకుని, మీ ఇల్లు మా ఇల్లే అనిపించిందని చెప్పి మరీ పోతారు. అనిపించకేం. వేసిన పక్క ఎత్తిన పాపాన ఒక్కరూ పోలేదు.

మా ఆయనది బీమా ఆఫీసులో ఉద్యోగం. ఆఫీసులో ఆయన మాట వినేవాళ్ళు లేరు, ఇంట్లో అసలే లేరు. అలాంటి మనిషికి ఫోన్‌లో ఒక సంఘం దొరికింది. అందులో చేరినవాళ్ళు ఏ ఊరు వెళ్ళినా ఆ ఊళ్ళో సభ్యుల ఇంట్లో పైసా ఇవ్వకుండా దిగొచ్చు. ఇవాళ మనం ఒకరికి చోటిస్తే రేపు మనకు ఇంకెవరో ఇస్తారు. దిగినవాళ్ళు ఇంటివాళ్ళ గురించి, ఇంటివాళ్ళు దిగినవాళ్ళ గురించి అందరికీ కనపడేలా అభిప్రాయం రాయాలి. అంతే నియమం.

మొదట వచ్చినవాడు మా ఆయన గురించి, ఇంత ఆప్యాయత నేనెక్కడా చూడలేదని రాశాడు. ఆ వాక్యాన్ని మా ఆయన భోజనం దగ్గర చదివాడు, టీవీ ముందు చదివాడు, ఫోన్ చేసి వాళ్ళ అన్నయ్యకు చదివి వినిపించాడు. వండింది నేను. పక్క వేసింది నేను. బాత్రూంలో జుట్టు ఏరింది నేను. ఆప్యాయత మాత్రం ఆయనది.

ఆ తర్వాత ఇక ఆగలేదు. వేణువు నేర్చుకుంటున్న జంట ఒకటి వచ్చింది. ఇంకా నేర్చుకుంటూనే వెళ్ళిపోయింది. వస్తువుల మీద మమకారం వదిలేశానని చెప్పిన అమ్మాయి నా షాంపూ మీద మాత్రం మమకారం వదల్లేకపోయింది. ఒకాయన నిశ్శబ్దం గురించి మాట్లాడటం మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఆపలేదు. వీళ్ళందరికీ మా ఆయన వీధి చివరిదాకా వెళ్ళి వీడ్కోలు చెప్పేవాడు. వెనక్కి నడిచొస్తూ ఫోన్ చూసుకునేవాడు, రాశారా లేదా అని.

నా పని వేరు. నేను కట్టుడు పళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టర్లు మనిషి నోటి అచ్చు తీసి పంపుతారు. నేను దాంట్లో ప్లాస్టర్ పోసి నమూనా తీస్తాను. దాని మీద మైనంలో పళ్ళు నిలబెట్టి, ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపుతాను. ఒక్కో నోటికి రెండు నమూనాలు పోస్తాను. ఒకటి పనిలో పగిలిపోతుంది, రెండోది అరలో ఉంటుంది. వాడేవాళ్ళను నేను చూడను. ఊళ్ళో చాలామంది నోళ్ళు నాకు తెలుసు, మొహాలు తెలియవు. అదృష్టమనే చెప్పాలి.

ఈ పనికి ఇంటి వెనక ఒక గది ఉంది. దానికి సందులోకి సొంత తలుపుంది, సొంత కుళాయి ఉంది, పెద్ద కిటికీ ఉంది. ప్లాస్టర్ దుమ్ము, గ్యాస్ మంట, రోజంతా గుయ్యిమనే మోటారు, ఇవన్నీ అందులోనే. గది ఉంటే నాకు పని ఉంది. గది లేకపోతే నేను మా ఆయన అతిథులకు పక్కలు వేసే మనిషిని.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆయన ఆ గది గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, గోడలు చూడటం మొదలుపెట్టాడు. మనిషి గోడలు చూస్తున్నాడంటే ఏదో కూలబోతోందని అర్థం.

"గాలి బాగా వస్తుంది ఇక్కడ," అన్నాడు.

వస్తుందన్నాను.

"అతిథులకైతే ఇంకా బాగుంటుంది. వాళ్ళ తలుపు వాళ్ళకి. మనకీ ఇబ్బంది ఉండదు."

విషయం అప్పుడు బయటపడింది. సంఘంలో ప్రతి ఊరికీ ఒక రాయబారి ఉంటాడు. మా ఊరికి ఇంకా లేడు. అతిథులకు విడిగా గది ఉన్న ఇంటివాళ్ళకే ఆ పదవి. రాయబారి అయినవాడికి ప్రపంచంలో ఏ ఊళ్ళోనైనా ఎర్ర తివాచీ. ఊళ్ళో సభ్యులంతా మా ఇంట్లో ఒక ఆదివారం భోజనానికి కలుస్తారు, ఆరోజే తేలుస్తారు. మరి నా పని ఎక్కడ చేసుకోవాలని అడిగాను. బాల్కనీ ఉందిగా అన్నాడు. బాల్కనీలో రెండు కుండీలు, మా అత్తయ్య కుర్చీ పడతాయి. కుండీలు తీసేద్దామన్నాడు.

మా అత్తయ్య లోపలినుంచి వింటోంది. ఆవిడ నోట్లో ఉన్నవి నేను చేసిన పళ్ళే. నన్ను కరవాలన్నా నా పళ్ళతోనే కరవాలి.

"ఒరేయ్, దాని పని తీసి వీధిలో పెట్టి, వీధిలో వాళ్ళని తెచ్చి లోపల పెడతావురా?" అంది.

"నీకర్థం కాదులే అమ్మా. ఇది పెద్ద నెట్‌వర్క్."

"నాకు అర్థమైంది కాబట్టే అడుగుతున్నా."

ఆయన పెద్దమనిషిలా నవ్వాడు. జవాబు లేనప్పుడు అలా నవ్వడం ఆయనకు అలవాటు. ఆదివారం లోపు గది ఖాళీ అవ్వాలని నాకు విడిగా చెప్పాడు. నా పేరున ఉన్న ఇల్లు కాదు కాబట్టి ఆ మాట కూడా మృదువుగానే చెప్పాడు.

సరిగ్గా అప్పుడే ప్రపంచం వచ్చాడు.

అసలు పేరేదో ఉంది. కానీ అతను నోరు తెరిస్తే ప్రపంచంలో అని మొదలుపెట్టేవాడు. ప్రపంచంలో ఇంత మంచి నీళ్ళు తాగలేదు. ప్రపంచంలో మనుషులంతా ఒకటే. రెండో పూటకే మా అత్తయ్య అతనికి ప్రపంచం గారని పేరు పెట్టింది. అతను అది బిరుదనుకున్నాడు. నలభై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన మొహం, మెడలో పూసలు, ఎప్పుడూ విప్పని బూట్లు. ఇల్లు వదిలి మూడేళ్ళయిందట. సముద్రం మీద తుపానులో చిక్కుకున్నాడట. పోయిన చలికాలమంతా ఒంటెలవాళ్ళతో ఎడారిలో నడిచాడట. మా ఊరికి రావడం ఇదే మొదటిసారట. అంత పేరున్న యాత్రికుడు తన ఇల్లే ఎంచుకున్నాడని మా ఆయన నేలమీద నడవడం మానేశాడు. ఆదివారం భోజనానికి ఇతనే ముఖ్య అతిథి. మైనం గిన్నెలు పక్కకు జరిపి, నా గదిలోనే అతనికి మంచం వేయించాడు.

మూడు రోజులకని వచ్చినవాడు తర్వాత లెక్క మర్చిపోయాడు. అతని గురించి నాకు అనుమానం ఏమీ రాలేదు. అసహ్యం మాత్రం వచ్చింది. ఒక్కటే వింతగా తోచింది. వచ్చిన మర్నాడే బయటికెళ్ళి రొట్టె పట్టుకొచ్చాడు. అది రెండు సందుల వెనక, బోర్డు కూడా లేని దుకాణంలో దొరికే రొట్టె. మా ఆయనకు పెళ్ళయిన పదేళ్ళకు గానీ ఆ దుకాణం దొరకలేదు. యాత్రికులకు ముక్కు చురుకనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు పొద్దున అతను స్నానానికి వెళ్ళాడు. లోపల నీళ్ళు పారుతున్నాయి, ఏదో విదేశీ పాట సాగుతోంది. బయట సింకు మీద, నేను నీళ్ళు తాగే గ్లాసులో, రెండు కట్టుడు పళ్ళు అమర్చిన చిన్న ప్లేటు మునిగి ఉంది. నా గ్లాసు నేను తీసుకుందామని ప్లేటు ఎత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

కట్టుడు పళ్ళు చేసేవాళ్ళకు తమ చేతి పని తెలుస్తుంది. అందులో గొప్పేమీ లేదు. మీ గోరు కాస్త వంకరగా ఉంటే మీకు తెలియదూ? ఆ ప్లేటును పక్క పంటికి పట్టి ఉంచే తీగ కొక్కెం రెండుసార్లు మెలి తిరిగి ఉంది. అలా ఎవరూ వంచరు. పక్కనున్న కోరపన్ను పూర్తిగా పక్కకు తిరిగిపోయిన మనిషికి, మామూలు కొక్కెం నిలవక, మొన్నటి చలికాలంలో తిట్టుకుంటూ నేను అలా వంచాను. మార్కెట్ మూలనున్న డాక్టర్ గారి దగ్గరినుంచి వచ్చిన పని అది.

అరలో వెతికితే నమూనా దొరికింది. కోరపన్ను సరిగ్గా అలాగే, అలిగినవాడిలా గోడవైపు తిరిగి ఉంది. ప్లేటు దాని మీద పెట్టి బొటనవేలితో నొక్కాను. టక్కున కూర్చుంది. వెంట్రుక దూరే సందు లేదు.

చలికాలమంతా ఒంటెలవాళ్ళతో నడిచిన మనిషి మార్కెట్ మూలన నోరు తెరుచుకుని కూర్చున్నాడన్నమాట.

ప్లేటు గ్లాసులో వేసేసి, నా ఫోన్‌లో సంఘం తెరిచి, అతని గురించి ఎవరేం రాశారో చదివాను. దానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అందరికీ కనపడేలానే ఉంది. ఏడాదిగా అతన్ని మెచ్చుకున్నవాళ్ళంతా మా ఊరివాళ్ళే. రిటైరైన బ్యాంకు మేనేజరు, సొంత తమ్ముడిలా కలిసిపోయాడని రాశాడు. యోగా టీచరు, ఇతని రాకతో మా ఇంట్లో వెలుగు నిండిందని రాసింది. మేడమీద తోట పెంచే దంపతులు, కన్నీళ్ళతో సాగనంపామని రాశారు. ఒకరింట్లో సాగనంపించుకుని, నాలుగు వీధులు నడిచి, ఇంకొకరింట్లో దిగాడు. ఊరు దాటలేదు. ఇల్లు అద్దెకు తీసుకుని ఉండటం కన్నా ప్రపంచ యాత్రికుడిగా ఉండటం చవకని కనిపెట్టాడు.

మరి ఇంతమందికీ ఎందుకు తెలియలేదు? నాకు నవ్వు ఆగలేదు. ఈ సంఘంలో ఎవరూ అవతలివాడి గురించి రాసింది చదవరు. తమ గురించి రాసిందే చదువుకుంటారు. మా ఆయనతో సహా.

ఆయన ఆఫీసుకు చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే వెళ్ళి చెప్పాను. పళ్ళ సంగతి చెప్పాను, నమూనా చూపించాను, ఫోన్ చూపించాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మొత్తం చదివాడు. చదివి, మళ్ళీ పైనుంచి చదివాడు. నిజమా అని అడగలేదు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

లేదన్నాను.

"ఆదివారం దాకా చెప్పకు."

ఇస్త్రీ పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కాలర్ మడత చక్కగా నొక్కాడు. ఆరోజు సాయంత్రం ప్రపంచానికి ఇష్టమని పండ్లు కూడా తెచ్చాడు. ఆ పండ్లు కడిగి కోస్తున్నప్పుడే నాకు మా ఆయన మీద మిగిలిన కాస్త గౌరవమూ తొక్కలతో పాటు బుట్టలో పడిపోయింది.

ఆదివారం నాడు ఇల్లంతా కుర్చీలు వేశాం. వచ్చేవాళ్ళెవరో తెలిసి ప్రపంచం తెల్లారేసరికి జారుకుంటాడనుకున్నాను. జారుకోలేదు. గడ్డం దువ్వుకుని, పూసలు సర్దుకుని, అన్నిటికన్నా మంచి కుర్చీలో కూర్చున్నాడు. తన మనుషులు తనకు బాగా తెలుసు.

ముందు బ్యాంకు మేనేజరు వచ్చాడు. గుమ్మంలో అతన్ని చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మనిషి మారలేదు. తర్వాత యోగా టీచరు వచ్చింది. ఊళ్ళో అందరికీ ఊపిరి పీల్చడం నేర్పే ఆవిడకు కాసేపు ఊపిరి అందలేదు. తోట దంపతుల్లో భార్య భర్త మణికట్టు గట్టిగా పట్టుకుంది. కన్నీళ్ళతో సాగనంపిన మనిషి కదా, కన్నీళ్ళు వెనక్కి తీసుకోవడం కష్టం.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎవరో ఒకరు అడుగుతారు. ఒక్కరు అడిగితే చాలు. గది గొడవ అక్కడితో తీరిపోతుంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"మా ఊరికి రావడం ఇదే మొదటిసారా అండీ?"

"ఇదేనండీ," అన్నాడు ప్రపంచం.

"ఎలా ఉంది?"

"ప్రపంచంలో ఇలాంటి ఊరు చూడలేదు."

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. యోగా టీచరుతో సహా. మోసపోయింది తానొక్కడేనని ప్రతివాడూ అనుకున్నాడు. బయటపడితే పరువు పోయేది తనదే. తన సంతకంతో రాసిన పొగడ్త ఊరంతా చూస్తుంది. కాబట్టి తిన్నారు, మళ్ళీ వడ్డించుకున్నారు, ఎడారిలో చలి ఎలా ఉంటుందో అడిగి తెలుసుకున్నారు. తోటాయన ఒంటె పాల రుచి అడిగాడు. ప్రపంచం చెప్పాడు. కొంచెం ఉప్పగా ఉంటాయట.

భోజనాలయ్యాక మా ఆయన లేచి నిలబడ్డాడు. అతిథి అంటే ఏమిటో చాలాసేపు చెప్పాడు. మా ఇంటి వెనక గది రేపటినుంచి పూర్తిగా అతిథులదేనన్నాడు. నా భార్య మనస్ఫూర్తిగా ఇస్తోందని కూడా అన్నాడు. జేబులోంచి ఆ గది తాళంచెవి తీసి, అందరూ చూస్తుండగా ప్రపంచం చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు. ఆ చేతిలో పెడుతున్నప్పుడు మా ఆయన నావైపు ఒక్కసారి చూశాడు. అందులో సిగ్గుందేమోనని వెతికాను. లేదు. నేను నోరెత్తనన్న నమ్మకం ఉంది.

నేను నీళ్ళ జగ్గు తీసుకుని ప్రపంచం దగ్గరికి వెళ్ళాను. గ్లాసు నింపాను.

"ఎడమవైపు కొక్కెం ఇంకా గుచ్చుకుంటోందా అండీ?" అన్నాను.

"నమిలేటప్పుడు కొంచెం," అన్నాడు.

అనేశాక అతని దవడ ఆగిపోయింది.

"చలికాలంలో నేనే చేశాను. మార్కెట్ మూల డాక్టర్ గారు పంపించారు. మీ కోరపన్ను తిరిగి ఉంది, అందుకే అలా వంచాల్సొచ్చింది. తీసివ్వండి, సరిచేస్తాను. కాకపోతే ఆ గదిలోనే చెయ్యాలి. బాల్కనీలో కుదరదు."

మేనేజరు మళ్ళీ కళ్ళజోడు తీశాడు. మా అత్తయ్య మజ్జిగ తాగుతున్న చప్పుడు ఒక్కటే వినపడింది. మా ఆయన నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు.

ప్రపంచం నన్ను కాసేపు చూశాడు. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో దిగినవాళ్ళలో నన్ను చూసినవాడు అతనొక్కడే అనిపించింది. తల పక్కకు తిప్పి, ప్లేటు తీసి, చేతిరుమాల్లో పెట్టాడు. దాని పక్కనే తాళంచెవి పెట్టి నాకిచ్చాడు.

"గది మీరే ఉంచుకోండమ్మా," అన్నాడు. ఆ రెండు పళ్ళు లేని నోటితో ఆ మాట గాలిలా వచ్చింది. ఆ మనిషి ఏడాదిలో చెప్పిన మొదటి నిజం అదే అయి ఉంటుంది.

నేను గదిలోకి వెళ్ళి మోటారు వేశాను. నా చేతి పని ఒకరి నోట్లో గుచ్చుకుంటుంటే నాకు అన్నం సయించదు, ఆ నోరు ఎంత పాడునోరైనా సరే. తిరిగొచ్చేసరికి రాయబారి ఎంపిక అయిపోయింది. మా ఆయననే ఎన్నుకున్నారు. విడి గది నియమం ఎవరూ ఎత్తలేదట. ఎత్తితే గది మాట వస్తుంది, గది మాట వస్తే పళ్ళ మాట వస్తుంది. చేతులెత్తి ఓటేసి, చెప్పుల కోసం లేచారు.

ప్రపంచం పళ్ళు పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించి చూసి, సంతృప్తిగా బ్యాగు భుజాన వేసుకున్నాడు. రేపటినుంచి ఎవరింట్లోనైనా చోటుంటుందా అని అందర్నీ అడిగాడు. ఇంతసేపూ తమకు తెలియనట్టు నటించాక ఆ మనిషిని వద్దనడం ఎలా? చివరికి మేనేజరు వెంటబెట్టుకుపోయాడు. ఆ సాయంత్రానికల్లా మా ఇంటి భోజనం గురించి అందరూ రాశారు. అందరికన్నా బాగా ప్రపంచమే రాశాడు.

ఆ తర్వాత మా ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు. నేనూ పిలవలేదు. ఎర్ర తివాచీ పరిచి ఉన్నప్పుడు ఇంట్లో కూర్చోవడం ఏమిటని అనుకున్నాడో ఏమో, ఎండలు తగ్గేలోపు ఆఫీసులో దీర్ఘ సెలవు పెట్టి, కొత్త బూట్లు కొనుక్కుని, లోకం చూడటానికి బయల్దేరాడు. తిరిగొచ్చాక గది సంగతి తీరిగ్గా మాట్లాడదామని గుమ్మంలో అన్నాడు. వీధి చివరిదాకా ఎవరూ వెళ్ళలేదు.

మొదటి వాన పడిన వారంలో, నేను మైనంలో పళ్ళు నిలబెడుతుండగా ఫోన్ మోగింది. దూరదేశంలో ఎవరో ఇంటావిడ, సంఘం ద్వారా రాసింది. మీ ఆయన మా ఇంట్లో ఉన్నారు. రెండు రోజులన్నారు, రెండు వారాలైంది. రోజంతా అతిథి అంటే ఏమిటో మాకు చెప్తున్నారు. మావారికి ఆయనంటే చాలా గౌరవం. నాకు కుట్టుపని ఉంది, ఆయన నా మిషన్ ఉన్న గదిలోనే పడుకుంటున్నారు. మీరూ ఆడవారే, మీరయినా నిజం చెప్పండి, ఈయన ఎలాంటి మనిషి? మీరు ఒక్క మాట రాస్తే చాలు, సంఘానికి చూపిస్తాను. ఇంక ఎవరూ చోటివ్వరు, ఇంటికి పంపించేస్తారు.

మూడుసార్లు చదివాను. ఆవిడ ముఖం తెలియదు గానీ ఆవిడ నాకు బాగా తెలుసు. ఆ గదిలో మిషన్ ఎక్కడుందో, సూట్‌కేసు ఎక్కడ పెట్టాడో, కిటికీ ముందు ఏ చొక్కా ఆరేశాడో కూడా చెప్పగలను. పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది.

తర్వాత నా గది చుట్టూ చూశాను. అరల్లో నమూనాలు, బల్లమీద మైనం, కిటికీ దగ్గర మోటారు. మంచం వేసిన చోట ఇప్పుడు కొత్త బల్ల ఉంది.

చేతులు తుడుచుకుని రాశాను. చాలా సహృదయుడు, మితభాషి, ఎక్కడున్నా ఇంట్లో మనిషిలా కలిసిపోతాడు, ఇలాంటి అతిథి దొరకడం మీ అదృష్టమని రాశాను. పంపేముందు మా అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ కన్నకొడుకు కదా, అడగడం మర్యాద.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి మొత్తం వింది.

"గిన్నెలు కూడా తోముతాడని రాయి," అంది.

రాశాను.